నల్ల డబ్బా మీది గింజ

షెడ్డు నుంచి
ఒకటో తారీఖు

కోడలుపిల్లకి మీ మామయ్య రాసేది.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, లేకపోతే రాసేదానివి. ఫోన్ చేస్తే నువ్వు విసుక్కుంటావని కాదు, నాకే వినపడదు. ముప్పై ఏళ్ళు ప్రెస్సుల పక్కన నిలబడి చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. అందుకే కాగితం. నేను చదివింది ఐదో క్లాసు. రాత చూసి నవ్వుకుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

ఒక్కటే అడుగుతాను. నల్ల డబ్బా మళ్ళీ వస్తుందని సెలూన్‌లో చెప్పుకుంటున్నారు. వస్తుందా, రాదా? ఆ కంపెనీలోనే కదా నువ్వు కూర్చునేది. ఒక్క మాట రాయి. చూద్దాం, ఆలోచిస్తున్నారు, అలాంటివి రాయకు.

నీకు తెలిసిందే అయినా చెప్తాను, చెప్పుకునే హక్కు నాకుంది. టీవీకి తగిలించి ఆటలాడుకునే ఆ డబ్బాకి ప్లాస్టిక్ పైమూత పోసే ఉక్కు అచ్చు చేసింది నేను. ఎన్ని లక్షల మూతలు అందులోంచి వచ్చాయో నాకు తెలీదు, కంపెనీకీ తెలిసుండదు. డబ్బా ఆపేసి ఫ్యాక్టరీ మూసిన రోజు మేనేజరు మిగతా అచ్చులన్నీ తుక్కు లారీ ఎక్కించి, ఇదొక్కటి నా షెడ్డుకి పంపాడు. "దగ్గర పెట్టుకో, మళ్ళీ మొదలుపెడితే కబురు చేస్తాం" అన్నాడు. ఇరవై మూడేళ్ళయింది. ప్రతి నెలా ఒకటో తారీఖున గొలుసు కప్పీతో పై సగం ఎత్తుతాను. గుడ్డతో తుడుస్తాను. గ్రీజు రాసి, నూనె కాగితం పరిచి, మూస్తాను. ఇవాళా అయింది. చేతి గ్రీజు కాగితానికి అంటింది, చూసీ చూడనట్టు పో.

వస్తుందా, రాదా?

మీ మామయ్య


ఆఫీసు, నాలుగో అంతస్తు, పాత కాగితాల గది
తొమ్మిదో తారీఖు

మామయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. గ్రీజు కూడా అందింది. పక్క బల్ల ఆవిడ వాసన చూసి ఇదేంటని అడిగింది. మా మేనమామ సంతకం అని చెప్పాను.

మీరు వద్దన్న మాటే రాయాల్సి వస్తోంది. ఆలోచిస్తున్నారు. డబ్బా ఆపేసి ఇన్నేళ్ళయినా దాని గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిని విప్పి, చదివి, కట్టలు కట్టేది నేనే. ఈ ఏడు మరీ ఎక్కువ వచ్చాయి. పైవాళ్ళు రెండు కట్టలు తెప్పించుకుని చదివారు. అంతకుమించి నాకు తెలీదు. తెలిసినా రాయకూడదు.

ఒక సంగతి మాత్రం నాకు కావాలి. అచ్చు మొదట్లో ఎలా ఉందో అలాగే ఉందా? తుప్పుగానీ దెబ్బగానీ తగల్లేదు కదా? ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఎందుకడుగుతున్నానో తర్వాత రాస్తాను.

అమ్మకి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మిమ్మల్ని తిట్టడానికి మాత్రం ఓపిక తగ్గలేదు.

మీ మేనకోడలు


షెడ్డు నుంచి
పదిహేనో తారీఖు

కోడలుపిల్లకి,

అచ్చు మొదట ఉన్నదానికంటే బాగుంది. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. తుప్పు అన్న మాట ఇంకోసారి నాకు రాయకు. నీ కంపెనీ తలుపులకి పట్టి ఉంటుంది తుప్పు, ఇక్కడ కాదు.

నన్నెవరూ అడగలేదు కానీ నాకు ఏం కావాలో చెప్పి పెడతాను, పైవాళ్ళ చెవిన వేయి. మొదటిసారి ఈ అచ్చు ప్రెస్సు ఎక్కిన రోజు, మొదటి మూత వేడివేడిగా బయటికొచ్చింది. దాన్ని ఇంజినీరు చేతిలో పెట్టారు. ఆయన అటూ ఇటూ తిప్పి "మనం సాధించాం" అన్నాడు. ఉక్కు దిమ్మని ఎనిమిది నెలలు చెక్కినవాణ్ణి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, లోపల చోటు లేదని. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే నన్ను ప్రెస్సు పక్కన నిలబెట్టాలి. మొదటి మూత నా చేతిలో పెట్టాలి. శాలువా వద్దు, దండ వద్దు, జీతం అసలే వద్దు. కాలితే నా చెయ్యే కదా కాలేది.

ఆ ఆట నేనెప్పుడూ ఆడలేదు. ఆడను కూడా. బొమ్మ గెంతితే మనిషి కుర్చీలో ఎందుకు గెంతుతాడో నాకు అర్థం కాదు. అది వేరే సంగతి.

మీ అమ్మకి చెప్పు, తిట్లు అందుతున్నాయని.

మామయ్య


ఆఫీసు, నాలుగో అంతస్తు
మరుసటి నెల మూడో తారీఖు

మామయ్యకి,

ఇప్పుడు కొంచెం రాయొచ్చు. డబ్బాని మళ్ళీ తేవడం గురించి మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు, ఉత్తరాలన్నీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి.

రెండు మాటలు నడుస్తున్నాయి. పాత డ్రాయింగులు పట్టుకుని ఎక్కడో కొత్త అచ్చు చేయించుకుందామని సగంమంది. పాత అచ్చు ఉంటే దాంతోనే తీద్దామని మిగతావాళ్ళు. అప్పుడు నేను లేచి డ్రాయింగులో గింజ లేదు అన్నాను.

మీకు ఈ పేరు తెలీదేమో. స్విచ్ పక్కన, బాణం గుర్తు మొన దగ్గర, మూత మీద బియ్యపుగింజంత ఎత్తు ఒకటి ఉంటుంది. ఆడేవాళ్ళందరూ దాన్ని గింజ అంటారు. కొత్త డబ్బా ఎవరు కొన్నా ముందు బొటనవేలు అక్కడ పెట్టి చూస్తారు. గింజ ఉంటే అసలుది, లేకపోతే దొంగ సరుకు. కళ్ళు కనపడని ఒకాయన తొమ్మిదేళ్ళుగా ఏటా ఒక ఉత్తరం రాయిస్తున్నాడు. "ఆ గింజ పెట్టినాయన ఎవరో నాలాంటివాళ్ళని తల్చుకుని పెట్టాడు, స్విచ్ నాకు వెంటనే దొరుకుతుంది" అని ప్రతిసారీ ఉంటుంది. నేనూ చిన్నప్పుడు కళ్ళు మూసుకుని దాన్ని వెతుక్కునేదాన్ని, మీకు చెప్పలేదంతే.

మీటింగులో వాళ్ళకి చెప్పాను, అది మా మేనమామ కావాలని పెట్టిందని, అసలు అచ్చు ఆయన దగ్గర భద్రంగా ఉందని. అందరూ నోట్సు రాసుకున్నారు. రెండు నెలల్లో మనుషులు వచ్చి చూస్తారు. గింజ ఉన్న అచ్చు ఉంటేనే పాత అచ్చు మాట. మొదటి మూత విషయం కూడా చెప్పాను. నవ్వారు, సరేనన్నారు.

మీరు కావాలనే పెట్టారు కదా?

మీ మేనకోడలు


షెడ్డు నుంచి
ఇరవై ఎనిమిదో తారీఖు

కోడలుపిల్లకి,

ఆలస్యమైంది. చెయ్యి బాగాలేక కాదు. రాయబుద్ధి కాలేదు.

నువ్వు మీటింగులో అబద్ధం చెప్పావు. తెలియక చెప్పావు కాబట్టి తప్పు నీది కాదు. కావాలని పెట్టలేదు. చెయ్యి జారింది.

ఆ రోజు బాణం గుర్తు చెక్కుతున్నాను. ఆఖరి పని అది. మీ నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. చెకింగ్ ఆయనది కదా, ఆయన ముద్ర పడితేగానీ అచ్చు గది దాటదు. చెక్కేటప్పుడు నాతో మాట్లాడొద్దని వందసార్లు చెప్పాను. మాట్లాడాడు. ఏదో అన్నాడు. నవ్వొచ్చింది. ఉలి జారింది. అచ్చులో గుంట పడితే మూత మీద అది ఎత్తుగా లేస్తుంది. అదీ మీ గింజ.

గుంట పూడ్చి నున్నగా చేయాలంటే నాలుగు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున అచ్చు ప్రెస్సు ఎక్కాలి. మీ నాన్న వేలు పెట్టి తడిమాడు. "బామ్మర్దీ, చెయ్యి నీది, నోరు నాది. ఇంజినీరుకి రెండూ చెప్పక్కర్లేదు" అని ముద్ర వేసేశాడు. ఇంజినీరు చూడలేదు. ఆయనకి చూపు కాగితం మీదే ఉండేది.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. ఆ తర్వాత ఏ పెళ్ళిలో కనపడినా నలుగురి ముందు నా అరచేతిలో బొటనవేలు నొక్కి "గింజ ఉందా" అనేవాడు. అదేంటని అందరూ అడిగేవాళ్ళు. ఏం చెప్పను? ఆఖర్న మంచం మీద కూడా అదే అడిగాడు. "అదొక్కటి లేకపోతే నిన్ను మొనగాడివని ఒప్పుకునేవాణ్ణి" అన్నాడు.

ఆయన పోయిన నెలలోనే తీసేశాను. వెల్డింగ్‌తో గుంట పూడ్చి, రాయితో, తర్వాత గరుకు కాగితంతో, తర్వాత పాలిష్ పేస్టుతో పదకొండు రోజులు రుద్దాను. ఎక్కడుండేదో ఇప్పుడు నేనే చెప్పలేను. మళ్ళీ ఎప్పుడు ప్రెస్సు ఎక్కినా నా పనికి వంక ఉండకూడదనుకున్నాను. మొదట ఉన్నదానికంటే బాగుందని నీకు రాసింది అందుకే. అది అబద్ధం కాదు.

గింజ లేదు. నేనే తీసేశాను.

మామయ్య


ఇంటి నుంచి
ఐదో తారీఖు

మామయ్యా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేకపోయాను.

గింజ ఉందా అని నేనే సూటిగా అడిగి ఉండాల్సింది. మీరైనా చెప్పాల్సింది. తుప్పు గురించి అంత పౌరుషంగా రాసినవారు దీని గురించి ఒక్క ముక్క రాయలేకపోయారా?

ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో రాస్తాను, మీకు సూటిగా చెప్తేనే నచ్చుతుంది కాబట్టి. డ్రాయింగు చూసి అచ్చు ఇంకెవరో చేస్తారు. మీ అచ్చు ఎవరికీ అక్కర్లేదు. మొదటి మూత ఇంకో ఇంజినీరు చేతిలో పడుతుంది. ఈసారి మిమ్మల్ని గుమ్మం దాకా కూడా పిలవరు.

మళ్ళీ పెట్టగలరా? నాన్న మనింట్లో దాచిన డబ్బా పార్సిల్ చేస్తున్నాను. గింజ దాని మీద చక్కగా ఉంది. కొలత చూసుకోండి. వాళ్ళు రావడానికి ఇంకా నాలుగు వారాలుంది.

మీ మేనకోడలు


షెడ్డు నుంచి
ఇరవయ్యో తారీఖు

కోడలుపిల్లకి,

డబ్బా అందింది. విరగలేదు. గుడ్డలు కుక్కి బాగా కట్టావు, ఆ పనితనం నా వైపునుంచే వచ్చింది.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని, జీవితంలో ఒకే ఒక తప్పు చేశాను, దాన్ని మళ్ళీ చెయ్యమంటున్నావు. మూడు రోజులు డబ్బా వైపు చూడలేదు. నాలుగో రోజు మూత విప్పాను. లోపల మీ నాన్న గుండ్రం చెకింగ్ ముద్ర, ఏడో నంబరు, మొన్న వేసినట్టే ఉంది. సరేలే అనిపించింది.

అచ్చు మీద చెయ్యి వెయ్యలేదు. తుక్కు ఉక్కు ముక్కల మీద చేసి చూస్తున్నాను. నలభై ఒకటి అయ్యాయి. ఒక్కటీ కుదరలేదు. చెక్కితే చెక్కినట్టే ఉంటుంది. కావాలని జార్చితే కావాలని జార్చినట్టే ఉంటుంది. గుంట ఒక పక్క నిలువుగా దిగి రెండో పక్క తోకలా సాగాలి. నాది రెండు పక్కలా సమానంగా వస్తోంది. చెయ్యి దానంతటది సరిచేసేస్తోంది. వణుకుతుంది కదా, పనికొస్తుందనుకున్నాను. ఉలి పట్టగానే వణుకు ఆగిపోతుంది. ముండమోపి చెయ్యి.

పక్క షెడ్డులో లేతు మిషను పనివాడు వచ్చి చూసి, నా చెవి దగ్గర అరిచాడు.

"ఏంటి తాతా, రోజంతా కొడుతున్నావు?"

"తప్పు చేస్తున్నా."

"నన్ను పిలవకపోయావా, ఒక్క నిమిషంలో చేసిపెట్టేవాణ్ణి" అన్నాడు. పనికిమాలినవాడు. నిజానికి వాడి చేతికిచ్చినా కుదరలేదు, వాడిది మరీ పెద్ద గుంట.

ఆలోచిస్తే తెలిసింది. ఆ రోజు చేతితో జారలేదు, నవ్వుతో జారింది. మీ నాన్న ఏం చెప్పాడో గుర్తు రావట్లేదు. నాకు నేను చెప్పుకుంటే నవ్వు రాదు. ఆయన ఇంట్లో నా గురించి ఏవేవో చెప్పి నవ్వించేవాడని నాకు తెలుసు, మీ అమ్మే చెప్పింది. ఒకటి రాసి పంపు. నాకు తెలియనిదై ఉండాలి.

మామయ్య


ఇంటి నుంచి
ఇరవై ఏడో తారీఖు

మామయ్యకి,

ఈ కవరులో ఇంకో కవరు ఉంది. దాన్ని ఇప్పుడే విప్పకండి. అచ్చు పై సగం ఎత్తి, ఉలి బాణం మొన మీద ఆనించి, చేత్తో సుత్తి పట్టుకున్నాక ఎదురుగా ఎవరైనా దాన్ని విప్పి పట్టుకోవాలి. మీరు మెల్లగా చదువుకోండి, ఎలాగూ మెల్లగానే చదువుతారు. చదువుతూనే పని ఆపకండి.

అమ్మని అడిగి రాశాను. రాస్తుంటే అమ్మ మోకాళ్ళు పట్టుకుని నవ్వింది.

మీ మేనకోడలు

(లోపలి కవరు)

నాన్న మాకు ఇలా చెప్పేవాడు: ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుకి మీ మామయ్యకి ఫొటో తీస్తున్నారు. కొత్త చొక్కా. ఫొటో అతను "కదలకండి" అన్నాడు. మీ మామయ్య ఊపిరి కూడా బిగబట్టాడు. అంతలో ఫొటో అతను భోజనానికి వెళ్ళిపోయాడు. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చి చూస్తే మీ మామయ్య ఆ స్టూలు మీద అలాగే ఉన్నాడు, గడ్డం పైకెత్తి. "ఇంకా ఉన్నారా" అంటే, పెదాలు కదలకుండా "అయిందా" అన్నాడు.

ఇంతవరకూ మీకు తెలిసిందే. మీకు తెలియంది ఏంటంటే ఫొటో అతనికి భోజనం పెట్టించింది నాన్న. "మా బామ్మర్దితో కదలొద్దన్నావుగా, తిని రా, ఎక్కడికీ పోడు" అని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చుని, రెండోసారి కూడా వడ్డించాడు.


షెడ్డు నుంచి
రెండో తారీఖు

కోడలుపిల్లకి,

మీ నాన్న దొంగ. నలభై ఏళ్ళు ఆ ఫొటో అతన్ని తిట్టాను. ఎక్కడున్నాడో పాపం.

నిన్న ఒకటో తారీఖు. గ్రీజు తుడిచి, నువ్వు చెప్పినట్టే ఉలి ఆనించాను. లేతు పనివాడు కాగితం పట్టుకున్నాడు. వాడు ముందే చదివేసి కిసకిసలాడుతున్నాడు, నేను ఇంకా చొక్కా దగ్గరే ఉన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బాణం మీద చిన్నగా కొడుతూ వచ్చాను. "రెండోసారి కూడా వడ్డించాడు" దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది. ఏం అయిందో నాకే తెలీదు. వాడు "తాతా, చూడు చూడు" అన్నాడు.

ఒక పక్క నిలువు, ఒక పక్క తోక. పుట్టీ ముద్ద నొక్కి ముద్ర తీశాను. దీంతోపాటు అగ్గిపెట్టెలో పెట్టి పంపుతున్నాను. కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టు. తర్వాత మీ పైవాళ్ళ బొటనవేళ్ళు పెట్టించు.

మనుషుల్ని ఎప్పుడైనా రమ్మను. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించాను.

మామయ్య


ఆఫీసు, నాలుగో అంతస్తు
ఇరవై ఒకటో తారీఖు

మామయ్యకి,

ముద్ర అదే. మా గదిలో నమూనాగా ఒక పాత మూత ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, పైవాళ్ళలో పెద్దాయన్ని కళ్ళు మూసుకోమని పట్టి చూడమన్నాను. ఏది ఏదో ఆయన చెప్పలేకపోయాడు. ఎలా పడిందో నిజం మొత్తం చెప్పేశాను, ఫొటోతో సహా. మీటింగులో అంత నవ్వు ఎప్పుడూ వినలేదు.

కానీ మనుషులు రావట్లేదు. మూత దొరికింది, లోపల పెట్టాల్సిన చిప్పు ఇప్పుడెవరూ చెయ్యట్లేదట. చేయించాలంటే చాలా అవుతుందని లెక్కలవాళ్ళు అడ్డం పడ్డారు. ఫైలు మీద "ప్రస్తుతానికి పక్కన పెట్టవలెను" అని రాశారు. ఆ ఫైలు మళ్ళీ నా గదికే వచ్చింది. నా బల్ల పక్క అరలో పెట్టాను, పై వరసలో.

మీరు మొదట అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. వస్తుందని ఎవరూ అనలేదు. రాదని కూడా ఎవరూ అనలేదు, నేను రెండుసార్లు అడిగాను. ఆ కళ్ళు కనపడనాయన ఉత్తరం ఈ ఏడుది నిన్ననే వచ్చింది. ఆయనకి నేనే జవాబు రాశాను, గింజ పెట్టినాయన బాగానే ఉన్నారని.

మీకు కోపం వచ్చి ఉంటుంది. తిట్టాలంటే తిట్టండి.

మీ మేనకోడలు


షెడ్డు నుంచి
ఒకటో తారీఖు

కోడలుపిల్లకి,

కోపం లేదు. నువ్వు మొదటిసారే ఆలోచిస్తున్నారని రాశావు, నేనే వినలేదు.

ఇవాళ గ్రీజు రాశాను. గింజ గుంటలో గ్రీజు వేలితో పట్టదు, అగ్గిపుల్ల చివర గుడ్డ చుట్టి పెట్టాలి. నీకెప్పుడైనా అవసరం పడుతుందని రాస్తున్నాను. గొలుసు ఎడమ చేత్తో లాగాలి, కుడి పక్క కప్పీ కాస్త పట్టేస్తుంది. షెడ్డు తాళం రెండోది లేతు పనివాడి దగ్గర ఉంది. మీ నాన్న డబ్బా నా దగ్గరే ఉంచుతున్నాను, కావాలంటే వచ్చి తీసుకెళ్ళు, పార్సిల్ చెయ్యను.

ఇస్త్రీ చొక్కా మడతపెట్టి అచ్చు పక్కనే పెట్టాను. నా గురించి బెంగ పెట్టుకోకు. నాకు కదలకుండా కూర్చోవడం వచ్చు. ఫొటో అతను భోజనానికి వెళ్ళాడు, అంతే.

మామయ్య